ఒక మీటరు, ఒక పొయ్యి

నాన్న చెయ్యి విరిగిన చప్పుడు నేను విన్నాను. పచ్చి వెదురు చీలినట్టు, మెత్తగా ఉంది. కొట్టింది బాబాయి. చేతిలో ఉన్నది ఐసు దిమ్మలు పగలగొట్టే గునపం.

మాది గన్నవరం దాటాక కాలువ గట్టు మీది కాలనీ. ఇంటికి మధ్యలో గోడ. ఇటు మేము, అటు బాబాయి వాళ్లు. మీటరు మాత్రం ఒకటే, నాయనమ్మ పేరు మీద. మా కాలనీ ఇళ్లకు నెలకు ఒక హద్దు వరకు ప్రభుత్వం కరెంటు ఉచితంగా ఇస్తుంది. హద్దు దాటితే డబ్బు కట్టాలి. కొత్త మీటరు పెట్టాక అది కూడా ఫోనుకు రీచార్జి వేసినట్టు ముందే వేసుకోవాలి. వేయకపోతే కరెంటు దానంతటదే పోతుంది.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, బెంజ్ సర్కిల్ దగ్గర మోటార్లు బాగుచేసే షాపులో పనిచేస్తున్నాను. ఇంటి లోడు నాకు కంఠస్థం. మా వైపు: మూడు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటారు. బాబాయి వైపు: రెండు ఫ్యాన్లు, టీవీ, చేపల వ్యాపారానికి కొన్న పాత డీప్ ఫ్రీజర్. ఏ కుటుంబానికి ఆ కుటుంబం హద్దు లోపలే. రెండూ కలిస్తే ఎండాకాలం హద్దు దాటక తప్పదు. రెండో మీటరు పెట్టిస్తే గొడవ లేదు. కరెంటు ఆఫీసులో అడిగితే, వేరు గుమ్మం, వేరు పొయ్యి కనిపించాలన్నారు.

గుమ్మాలు రెండున్నాయి. పొయ్యి ఒకటే. పెరట్లో నాయనమ్మ తన చేత్తో అలికిన కట్టెల పొయ్యి. రెండు వైపులకూ అన్నం దాని మీదే. తను బతికుండగా పొయ్యి వేరు చేయబోమని ఇద్దరు కొడుకుల చేతా బైబిలు మీద చెయ్యి వేయించింది.

కొండపల్లిలో పెళ్లికి అందరం వెళ్లి మూడో రోజు తిరిగొచ్చాం. నాయనమ్మ రాగానే పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. ఇంట్లో కరెంటు లేదు. బాబాయి ఫ్రీజరు మూత ఎత్తగానే కంపు గోడ దాటి వచ్చింది.

"బ్యాలెన్సు అయిపోయిందని మెసేజీ నీ ఫోనుకే వస్తది కదా అన్నయ్యా?"

"వచ్చింది. నీ చేపలు చల్లగా పడుకోడానికి నేను రీచార్జి చెయ్యాలా?"

"అంటే చూసి కూడా ఊరుకున్నావన్నమాట! నీ ఫ్రిజ్‌లో పెరుగు మాత్రం ఫ్రీగా చల్లబడాలి."

"నోరు ముయ్యరా. ఆ పెట్టెని కాలవలోకి తోసేస్తా."

నాన్న అటు వైపు వెళ్లి అన్నంత పనీ చేయబోయాడు. రెండు చేతులా నెట్టేసరికి ఫ్రీజరు పక్కకి ఒరిగి పడింది. కుళ్లిన రొయ్యలు, గులాబీ రంగు నీళ్లు గచ్చంతా పరుచుకున్నాయి. బాబాయి గునపం అందుకున్నాడు. మొదటి దెబ్బ నాన్న భుజం మీద, రెండోది ముంజేతి మీద. నాన్న తాపీమేస్త్రీ, విరిగింది కుడి చెయ్యి. ఎడమ చేత్తో తమ్ముడి గొంతు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అడ్డం వెళ్లిన నా పెదవి చిట్లింది, ఎవరి మోచెయ్యి తగిలిందో తెలియదు. అమ్మా పిన్నీ ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారు. రొయ్యల నీళ్లలో రక్తం కలిసింది.

నాయనమ్మ వచ్చి కింద పడిన గునపం తీసుకుంది. ఇద్దరిలో ఎవరినో కొడుతుందనుకున్నాను. పెరట్లోకి నడిచింది.

"వేరు పొయ్యి కావాలి గదరా మీకు!"

మొదటి పోటుకు ఎసరు ఒలికి నిప్పుల మీద బుస్సుమంది. ఆవిరి చేతులను కాలుస్తున్నా ఆగలేదు. "ఇదిగో నీ వాటా! ఇదిగో నీ వాటా!" అంటూ పెళ్లలు పెళ్లలుగా పగలగొట్టింది. వేలాడుతున్న చేత్తో నాన్న, తలకు లుంగీ అదుముకుని బాబాయి, పక్కపక్కనే నిలబడి చూశారు. ఒక్కరూ ఆపలేదు.

తర్వాత ఆఫీసు మనిషి వచ్చి ఇటొకటి, అటొకటి పెట్టుకున్న కొత్త పొయ్యిలు చూసి వెళ్లాడు. రెండో మీటరు వచ్చింది. ఇప్పుడు రెండు వైపులా బిల్లు సున్నా. నాన్న చెయ్యి వంకరగా అతుక్కుంది, తాపీ నిలవదు.

నాయనమ్మ ఏ వైపూ తినదు. పాత పొయ్యి ఉన్న చోటే మూడు ఇటుకలు పెట్టి గంజి కాచుకుంటుంది. నేను పళ్లెం తీసుకెళితే పక్కకు నెట్టి, బొబ్బల మచ్చలున్న చేత్తో పుల్లలు ఎగదోస్తుంది.

"నాదీ వేరు పొయ్యే గదరా. మూడో మీటరు ఎప్పుడు పెట్టిస్తావు?"