ఓడ మీద ఈతకొలను, ముప్పై డిగ్రీల నీళ్ళు

ముప్పై ఏళ్ళు స్టీల్ ప్లాంట్ పంప్ హౌస్‌లో పనిచేసినవాణ్ణి. నీళ్ళంటే నాకు ముందు గుర్తొచ్చేది డిగ్రీలే. అందుకే క్రూజ్ టికెట్ కొనేముందు ఏజెంటుని తిండి గురించీ గది గురించీ అడగలేదు. ఈతకొలనులో నీళ్ళెంత వెచ్చగా ఉంటాయని మూడుసార్లు ఫోన్ చేశాను. "ఎండాకాలంలో ముప్పై దాకా ఉంటాయి సార్, విడిగా వేడి చెయ్యరు" అంది ఆ అమ్మాయి, మూడోసారి కాస్త విసుగ్గానే.

ఆ కొలను నాకోసం కాదు, నూకరాజు కోసం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు నడిపే సరంగు. ఆయన దగ్గర చేపలు కొనీ కొనీ బావా అంటే బావా అనుకునేదాకా వచ్చాం. మొన్న చలికాలంలో జెట్టీ మీద ఐసు తొక్కి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. రాడ్డు వేశారు. నడుస్తాడు గానీ మోకాలు సరిగా మడవలేడు. ఛాతీ లోతు గోరువెచ్చని నీళ్ళలో నడవమన్నారు ఫిజియోథెరపీ వాళ్ళు. బీచ్‌లో అలలు నిలబడనివ్వవు, ఊళ్ళో కొలనుల నిండా సెలవుల పిల్లలు. ఎండాకాలం చేపల వేట నిషేధం ముగిసేలోగా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా జెట్టీ మీంచి బోటులోకి దిగి, తిరిగి ఎక్కి చూపిస్తేనే పని ఉంటుందని బోటు యజమాని తేల్చి చెప్పేశాడు. దానికింకా పదిహేను రోజులుంది. నాకెప్పటినుంచో ఓడెక్కాలని ఉంది, మా ఆవిడకి సముద్రం చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. అలా ఇద్దరం బయల్దేరాం.

పదకొండింటికి గాజువాకలో సిటీ బస్సెక్కి వన్ టౌన్‌లో దిగాను. అక్కడ నూకరాజుని కలుపుకొని టెర్మినల్‌కి ఆటో మాట్లాడితే నూట యాభై తీసుకున్నాడు. "ఏటి బావా, ఓడలో పనికెల్తన్నావా?" అని అడిగాడు ఆటో అతను. "పనికి కాదురా, తానానికి" అన్నాడు నూకరాజు. అతను దారంతా నవ్వుతూనే ఉన్నాడు. బ్యాగుల తనిఖీ, ఆధార్ చూడటం అన్నీ కలిపి గంటన్నర పట్టింది. పుదుచ్చేరి, చెన్నై చూపించి మళ్ళీ విశాఖకే తెచ్చే నాలుగు రాత్రుల ప్రయాణం. కిటికీ లేని గది, తిండితో సహా ఇద్దరికీ యాభై రెండు వేలు.

ఐదింటికి ఓడ కదిలింది. పై డెక్కుకి పరుగెత్తి చూస్తే కొలనులో చుక్క నీళ్ళు లేవు. నాకు ఒళ్ళు మండింది. అక్కడ పనిచేసే కాకినాడ ఆయన నెమ్మదిగా చెప్పాడు: "హార్బర్ నీళ్ళు చూశారు కదండీ, అవెలా నింపుతామండీ? బాగా బయటికెళ్ళాక సముద్రం నీళ్ళే తోడి, వడగట్టి నింపుతామండీ." మర్నాడు పొద్దున్న ఏడింటికి వెళ్ళేసరికి కొలను నిండుగానే ఉంది, పైన మాత్రం వల కట్టేశారు. ఓడ ఊగుతుంటే కొలను మూసేస్తారట. నూకరాజు వల ముడి పట్టుకుని లాగి చూశాడు. "ఇదేటి బావా, ఇందులో సేపలు పెంచతన్నారేటి?"

సాయంత్రం నాలుగింటికి వల తీశారు. లుంగీతో దిగనివ్వలేదు. నైలాన్ నిక్కరు ఓడలో షాపులో తొమ్మిది వందలు, వన్ టౌన్‌లో నూట యాభైకి దొరికేది. నా థర్మామీటరు ముప్పైన్నర చూపించింది. పక్కనున్న జకూజీ అనే వేడినీళ్ళ తొట్టిలో ముప్పై ఎనిమిది, కానీ అందులో కూర్చోవడమే, నడవడానికి చోటు లేదు. నూకరాజు కొలను గట్టు మీద కూర్చుని మెల్లగా జారి దిగాడు. ఒక అడుగు, రెండడుగులు. తర్వాత ఒక్కసారిగా అరిచాడు.

"మడత పడతంది బావా! మోకాలు మడత పడతంది, సూడు!"

నిజంగానే మడిచాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నలభై చుట్లు నడిచాడు. చాలు రమ్మంటే, "బోటెక్కేత్తాను బావా, సూత్తా ఉండు" అంటూ ఇంకో పది వేశాడు.

పైకి రావడానికి అక్కడ ఉన్నది నిలువుగా ఉన్న ఇనుప నిచ్చెన ఒక్కటే. మంచి కాలు మొదటి మెట్టు మీద పెట్టి లేచాడు. రెండో కాలు నీళ్ళు దాటి పైకి రాగానే కర్రలా బిగుసుకుపోయింది, రెండో మెట్టు అందలేదు. మళ్ళీ దిగాడు, మళ్ళీ లేచాడు. కాకినాడ ఆయన చెయ్యి అందించబోతే "ఆగు, సెయ్యట్టుకోకు" అన్నాడు. చుట్టూ జనం ఐస్‌క్రీములు తినడం మానేసి చూస్తున్నారు. ఇరవై నిమిషాలకి తనే చెయ్యి చాచాడు.

తర్వాత రెండు రోజులూ అదే తంతు. పొద్దున్న ఇరవై తొమ్మిది, మధ్యాహ్నం ముప్పై ఒకటిన్నర. నీళ్ళలో ఏ లోటూ లేదు, నడకలోనూ లేదు. నిచ్చెన దగ్గరే ఆగిపోయేవాడు.

చివరి రోజు విశాఖ కొండలు కనబడి సిగ్నల్ రాగానే డెక్కు మీద నిలబడి యజమానికి ఫోన్ చేశాడు. "సావుకారూ, బోటుకి ఏరేవోణ్ణి సూసుకో. నాను ఒడ్డున వలలు బాగుసేత్తాను." నేను తొందరపడకు బావా అన్నాను, ఇంకా పది రోజులుంది కదా అన్నాను. "ఈ నిచ్చెన కదలదు. బోటు కదులుద్ది. దీన్నే ఎక్కలేనోణ్ణి, దాన్నేటెక్కుతాను? నాను జారితే నన్ను లాగబోయి ఇంకోడు పడతాడు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకి రాలేదు, టీ తెమ్మన్నాడు.

ఓడ మంచిదే, నీళ్ళూ మంచివే, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఆ మోకాలు బాగుపడుతుందని నేను నమ్మాను, ఆయన్ని నమ్మించాను. ఇంటికొచ్చాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. కాలో నడుమో బాగోలేనివాళ్ళని తీసుకెళ్తుంటే, నీళ్ళెంత వెచ్చన అన్నది తర్వాత, కొలనులోంచి పైకి రావడానికి మెట్లున్నాయా, నిలువు నిచ్చెనేనా అని ముందు అడగండి. నేను అడిగుంటే నూకరాజు అంతమంది ముందు ఆ ఇరవై నిమిషాలూ అలా వేలాడేవాడు కాదు.