ఈయపు గిన్నెకు బట్టల సోడా

పెళ్ళయి నాలుగేళ్ళయినా మా అత్త నన్ను చారు పెట్టనివ్వలేదు. పప్పు నాది, కూర నాది, అంట్లు ముమ్మాటికీ నావే. చారు మాత్రం ఆమెది. ఎందుకంటే ఆమె చారు పెట్టేది పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఈయపు గిన్నెలో. ఈయమంటే తగరం, మెత్తటి లోహం. లోపల చారు ఉన్నంతసేపూ మంట మీద బుద్ధిగా కూర్చుంటుంది. చారు ఇగిరిపోయిందా, గిన్నె కరిగి పొయ్యిలోకి కారిపోతుంది. “నీకు పరాకు జాస్తిమ్మే. పొయ్యి మీద పెట్టి యాడనో చూస్తావుంటావు,” అనేది అత్త. నాకు ఒళ్ళు మండేది. చారు పెట్టడం కూడా రాని కోడలినని మా వాషర్‌మెన్‌పేట్‌లోని చుట్టాలందరూ అనుకునేవారు మరి. ఆ గిన్నె ఒక్కసారి నా చేతికి రావాలని పడినంత తపన నేను నగల కోసం కూడా పడలేదు.

తొంభైల నడిమి సంగతి. తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీ ఇంజనీరు కాపురం ఎత్తేస్తుంటే, మా ఆయన వెళ్ళి గిన్నెలు తోమే మిషను కొనుక్కొచ్చారు. అప్పట్లో మా వీధికి లారీ నీళ్ళే గతి. బిందెలతో మేడ మీది తొట్టి నింపితే ఈ మహారాణి గుటగుటా తాగేది. చేత్తో అరగంటలో తోముకునే అంట్లకు గంటసేపు నీళ్ళు మోసేదాన్ని. మిషను నాకు పని చేస్తోందో, నేనే దానికి పని చేస్తున్నానో తెలిసేది కాదు.

అత్త దానివైపు కన్నెత్తి చూడలేదు. “నా సామాన్లు దాని నోట్లో పెట్టబాకండి,” అని ఒక్క మాట చెప్పి, మూడు రోజులకని నెల్లూరులో చెల్లెలింటికి వెళ్ళింది.

మిషనుతో వచ్చిన పొడి అప్పటికే అయిపోయింది. ఊరంతా వెతికినా దొరకలేదు. అప్పుడు మా ఆయనకు జ్ఞానోదయమైంది. బట్టలుతికే సోడాకు మా పేటలో ఏం కొరత? “దుప్పటి మురికి వదిలించేది గిన్నె జిడ్డు వదిలించదా ఏమి? పోసి చూడు,” అన్నారు. నాకూ నిజమేననిపించింది. అత్త వచ్చేసరికి ఈయపు గిన్నె తళతళలాడుతూ ఉంటే, ఆ మెరుపు చూసైనా నా చేతికిస్తుందని ఆశ. అల్యూమినియం ఇడ్లీ కుండ, ఇత్తడి చెంబులు, స్టీలు గ్లాసులు, వాటి నడుమ ఆ గిన్నె సర్ది, రెండు గుప్పెళ్ళ సోడా పోసి తలుపు మూశాను.

గంటన్నర తర్వాత తీస్తే ముందు ఆవిరి కొట్టింది, ఆ తర్వాత గుండె ఆగింది. ఇడ్లీ కుండ నల్లగా మాడిపోయినట్టుంది, ముట్టుకుంటే చేతికి మసి. ఇత్తడి చెంబులకు తట్టు పోసినట్టు ఎర్రటి మచ్చలు. స్టీలు గ్లాసులు మాత్రం తమకేమీ తెలియనట్టు మెరుస్తున్నాయి. వెండిలా ఉండే ఈయపు గిన్నె బూడిద రంగుకు తిరిగింది. పక్కనున్న చెంబు కొట్టుకుని అంచు సొట్టపోయింది కూడా.

“ఏమండీ, కొంప మునిగింది!” అన్నాను. ఆయన గిన్నెను తిప్పి తిప్పి చూసి, “ఈడ వెలుతురు చాలలా. బయట చూద్దాం,” అన్నారు. బయట ఇంకా నల్లగా కనిపించింది.

చెంబులను చింతపండుతో రుద్ది దారికి తెచ్చాను. ఇడ్లీ కుండలో చింతపండు నీళ్ళు మరిగిస్తే లోపలి నలుపు చాలావరకు వదిలింది. ఈయాన్ని రుద్దడానికి మాత్రం చెయ్యి రాలేదు. దాన్ని దాచేసి, దొంగ ఎత్తుకుపోయాడని చెబుదామన్నారు మా ఆయన. అంత మిషనును వదిలేసి చారు గిన్నె ఎత్తుకుపోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా, నా బొంద!

అత్త రాగానే గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టి, జరిగింది చెప్పేశాను. ఆమె గిన్నె అంచును చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో మెల్లగా నొక్కింది. మంచి ఈయాన్ని వంచితే కిరకిరమని సన్నగా అరుస్తుంది. కొనేటప్పుడు పెద్దవాళ్ళు అలాగే పరీక్షిస్తారు.

“అరస్తా ఉండాది,” అని గిన్నె దించింది. “రేపట్నించి చారు నువ్వే పెట్టు.”

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. “కోపం లేదా అత్తా?”

“లేకుండా యాడికి పోతాది? మూడు దినాల్లో ఇంత పని చేసినారు, ఇద్దరూ ఇద్దరే! కానీ ముప్పై ఏండ్లమ్మే. ఎవరన్నా చెడగొడతారని దీని ముందర కావలి నిలబడి కాళ్ళు పోయినాయి. మీరంతా తింటావుంటే ఒక్కనాడన్నా మీతో కూర్చున్నానా? ఇంక రూపు చెడిపోయింది గదా. నాకేం బయం?”

మరునాడు మధ్యాహ్నం అత్త పీట వేసుకుని కొడుకు పక్కన కూర్చుంది. నేను పొయ్యి ముందు నిలబడి, చారు ఎప్పుడు నురుగు కడుతుందా అని రెప్ప వాల్చకుండా చూస్తున్నాను. మా ఆయన అప్పడం అడిగారు.

“మీరే లేచి తీసుకోండి! నన్ను కదిలించారంటే ఊరుకోను!” అని గొంతు చించుకుని అరిచాను.

అత్త తలెత్తనైనా లేదు. వేడి వేడి పప్పన్నం కలుపుకుంటోంది.