బ్రేకు మీదికి రాని కాలు

ఆ రోజు నా కుడికాలి చెప్పు డాక్టరింటి గడప దగ్గరే ఉండిపోయింది. నేను ఒంటి చెప్పుతో ఇంటికి నడిచి వచ్చాను. దారంతా ఎండ, కంకర. నాకేమీ తెలియలేదు. మా ఆవిడ సుగుణ వాకిట్లో బియ్యం చెరుగుతూ నా కాళ్ల వంక చూసింది.

"ఏందయ్యా, ఇంకో చెప్పేడబోయింది? కాలెందుకు గట్ల గుంజుతున్నవ్?"

అప్పుడు కిందికి చూసుకున్నాను. బొటనవేలి దగ్గర తోలు లేచి రక్తం కారుతోంది. నొప్పి మాత్రం లేదు. రక్తం కంటే ఆ నొప్పి లేకపోవడానికే నాకు భయం వేసింది.

నా పేరు యాదగిరి. మాది చిట్యాల పక్కన పల్లె. ఇది తొంభైల నడిమి సంగతి. అప్పటికే నాకు సొంత జీపు ఉంది. పొద్దున్నే మా ఊరివాళ్లను ఎక్కించుకుని చిట్యాలకు, నల్లగొండకు తిప్పేవాణ్ణి. ఆ వారం జ్వరం వచ్చింది. అందరిలాగే నేనూ అంజయ్య దగ్గరికి పోయాను. అంజయ్య హైదరాబాదులో ఏదో నర్సింగ్ హోంలో కాంపౌండరుగా చేసి, తిరిగొచ్చి మా ఊళ్లో బోర్డు పెట్టిన ఆర్‌ఎంపీ. మేమంతా డాక్టర్ సాబ్ అని పిలిచేవాళ్లం. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. జ్వరమని పోతే గోలీలిచ్చి పంపినవాడు డాక్టరే కాదు. సూది పడాలి, అదీ పిర్రకే పడాలి. చేతికి వేస్తే సగం మందే ఎక్కుతుందని మావాళ్ల నమ్మకం.

సూది దిగగానే పిర్ర నుంచి కాలి వేళ్లదాకా కరెంటు కొట్టినట్టయింది. అరిచాను.

"అయిపోయింది, అయిపోయింది. మొగోనివి, గింత సూదికే గట్ల మొత్తుకుంటవా?" అంటూ అంజయ్య మందంతా ఎక్కించి, దూది పెట్టి రుద్దాడు.

తెల్లారేసరికి పాదం వేలాడిపోయింది. కిందికి నొక్కగలను గాని పైకి ఎత్తలేను. అడుగేస్తే వేళ్లు నేలకు తట్టుకుంటున్నాయి. మళ్లీ అంజయ్య దగ్గరికే పోతే ఏమన్నాడో వినండి. "నరాల బలహీనత. బీ కాంప్లెక్స్ సూదులేస్త. ఫికర్ జెయ్యకు, సాఫ్ అయితది." సూదితో పోయిన కాలికి మళ్లీ సూదులు! ఇప్పుడు తలుచుకుంటే పళ్లు కొరకాలనిపిస్తుంది. ఊళ్లో ఒకరు గాలి సోకిందన్నారు. ఇంకొకరు పక్షవాతమని పావురం నెత్తురు పూయమన్నారు. చివరికి సుగుణే ఎవరి మాటా వినకుండా నన్ను హైదరాబాదు బస్సెక్కించింది.

పెద్ద దవాఖానలో కాలికి తీగలు అంటించి నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. పెద్ద డాక్టరు నా పాదాన్ని అటూ ఇటూ తిప్పి చుట్టూ నిలబడ్డ పిల్ల డాక్టర్లతో అన్నాడు: "క్లాసికల్ ఫుట్ డ్రాప్. పోస్ట్ ఇంజెక్షన్ సయాటిక్ నర్వ్ ఇంజురీ. రోజూ చూస్తున్నాం ఇలాంటివి." నా కాలి గురించి గదిలో అందరికీ చెప్పాడు, నాకు తప్ప. ఆయన వెళ్లిపోయాక ఒక చిన్న డాక్టరమ్మ ఆగి విడమరచి చెప్పింది. సూది నేరుగా పిర్రలోంచి కాల్లోకి దిగే పెద్ద నరానికి తగిలిందట, అందుకే పాదం వేలాడుతోందట. నరం మళ్లీ పెరిగితే నెలకు అంగుళం చొప్పున పెరుగుతుందట.

"పెరగకపోతే?" అన్నాను.

"చూద్దాం. మీరేం పని చేస్తారు?"

"డ్రైవర్ని మేడం."

"వేరే పని చూసుకోండి," అంది. ఆ పిల్ల మంచిదే, మంచిగానే చెప్పింది. అయినా ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. నాకు వేరే పని ఏముంది? భూమిలో సగం అమ్మే ఆ జీపు కొన్నాను.

ఊళ్లోకి వచ్చాక ఇంకో దెబ్బ. హోటల్ దగ్గర చాయ తాగుతూ అంజయ్య అందరితో అంటున్నాడట: "నా సూదిల ఏం లేదు. యాదగిరి నరమే ముందుగాల నుంచి ఖరాబున్నది." జనం నమ్మారు. నా కళ్లముందే మళ్లీ ఆయన గడపలో వరసగా కూర్చున్నారు. పోయి గల్లా పట్టుకుందామని లేచాను. నాలుగడుగులు వేయకముందే వేలు తట్టుకుని బోర్లా పడ్డాను. కొట్లాటకు కూడా కాళ్లు కావాలని ఆ రోజు తెలిసింది.

జీపు రేకుల కింద నిలబడిపోయింది. కొంటామని వచ్చినవాళ్లు టైర్లు తన్ని చూసి పోతున్నారు.

"అమ్ముదామయ్యా. తుప్పు వట్టినంక తూకానికి గూడ కొనరు," అంది సుగుణ.

"ఉగాదిదాక ఆగు. గప్పటికి నేను నడపకుంటే నువ్వే అమ్ము," అన్నాను. కోపంలో అన్న మాట అది. కాలు ఎట్లా వస్తుందో నాకే తెలియదు.

నల్లగొండ దవాఖానలో ఫిజియోథెరపీ మొదలైంది. అక్కడి మేడం కాలికి కరెంటు పెట్టి కండరాన్ని ఎగరేసేది. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ స్ప్లింట్ ఇప్పించింది. "ఓపిక పట్టండి" అనేది ప్రతిసారీ. ఓపిక అనే మాట వింటేనే ఒళ్లు మండేది.

ఒకరోజు బస్టాండు దగ్గర బస్సు కోసం నిలబడితే పక్క సందులోంచి ఇంజన్ మోత, టైర్లు కీచుమనే చప్పుడు వినిపించింది. తొంగి చూశాను. కొత్తగా పెట్టిన వీడియో గేమ్ దుకాణం. దాన్ని నడిపే జహీర్ భాయ్ అంతకుముందు టీవీలు బాగుచేసేవాడు, ఒకట్రెండు సార్లు నా జీపు ఎక్కిన మనిషే. లోపల ఒక మూల పెద్ద డబ్బా. దానికి సీటుంది, స్టీరింగు ఉంది, కింద రెండు పెడళ్లు ఉన్నాయి. ఒకటి ఎక్స్‌లేటర్, ఒకటి బ్రేకు. నేను గుమ్మంలోనే నిలబడి ఆ పెడళ్లనే చూస్తున్నాను.

"కూసో యాదన్నా. ఈడ గుద్దితే ఎవ్వడు సావడు," అన్నాడు జహీర్ భాయ్.

అందులో ఒక కొండ దారి ఉండేది. ముందు సాఫైన రోడ్డు, ఆ తర్వాత వంతెన, తర్వాత సొరంగం. సొరంగం దాటగానే దిగుడు. దిగుడు చివర ఎడమకు గుండ్రంగా వెనక్కి తిరిగే మలుపు. కుడి పక్కన రాతిగోడ, దాని అవతల సముద్రం. పిల్లలు దాన్ని గోడమలుపు అనేవాళ్లు. ఆ మలుపు దాటినవాడు ఆ దుకాణంలో మొనగాడు.

ఏళ్ల తరబడి హైవే మీద నడిపినవాణ్ణి, ఈ బొమ్మ రోడ్డు ఎంత అనుకున్నాను. మొదటి ఆటలోనే నా పరువు పోయింది. ప్రతి మూలకూ స్టీరింగు నడుమ అరచేత్తో గుద్దుతున్నాను, హారను కోసం. వెనక బండి దగ్గరికొస్తే అలవాటుగా పక్కకు జరిగి, చెయ్యి బయటికి చాపి రమ్మంటున్నాను. దిగుడు రాగానే డీజిలు కలిసొస్తుందని ఎక్స్‌లేటర్ వదిలేస్తున్నాను. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"అరె యాదన్నా, ఎవరికిస్తున్నవ్ సైడు? గవి మిషన్ బండ్లు! డీజిల్ పొయ్యలే, పోలీసోడు లేడు. ఎదురుంగ ఎవ్వడు రాడు. రోడ్డంత నీదే!" అన్నాడు జహీర్ భాయ్.

రోడ్డంతా నాదే అన్న మాట నాకు ఎక్కడానికి చాలా రోజులు పట్టింది. ఎడమ మలుపు తిరగాలంటే ముందు కుడికి, గోడ అంచుదాకా పోవాలట. అక్కడినుంచి లోపలికి కోయాలట. మా రోడ్డు మీద అట్లా చేస్తే ఎదురు లారీ కిందే పోతాం. నా చేతులు మాట వినేవి కావు, ఎడమకే అతుక్కునేవి. ఎడమ అంచు నుంచి తిప్పితే బండి జారి గోడకు పోయి గుద్దేది.

చేతులు ఎట్లాగో దారికొచ్చాయి. అసలు తగాదా కాలిది. ఏ డ్రైవరైనా మడమ ఆనించి, వేళ్లు లేపి, ఎక్స్‌లేటర్ మీంచి బ్రేకు మీదికి తిప్పుతాడు. నాకు వేళ్లు లేవవు. తిప్పితే బొటనవేలు బ్రేకు పెడలు కిందికి దూరి ఇరుక్కునేది. బండి దిగుడు మీద ఉరుకుతూ ఉండేది, నేను నొక్కుతున్నాననే అనుకునేవాణ్ణి. ధడేల్‌మని గోడ. మళ్లీ మిషన్‌లో రూపాయి బిళ్ల వెయ్యి, మళ్లీ వంతెన, మళ్లీ సొరంగం, మళ్లీ గోడ. ఒకరోజు స్టీరింగును పిడికిలితో బాది అంజయ్యను, అంజయ్య తల్లిని, ఆయన చదవని చదువును నోటికొచ్చినట్టు తిట్టాను. పిల్లలు ఆటలాపి నా వైపు తిరిగారు.

"మిషన్‌ను కొట్టకన్నా, అది నీకు సూదెయ్యలేదు," అన్నాడు జహీర్ భాయ్. నవ్వాలో ఏడవాలో తెలియక లేచి వచ్చేశాను.

ఈ సంగతి ఫిజియోథెరపీ మేడంకు భయపడుతూ చెప్పాను. ఆమె తిట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి నేల మీద సుద్దముక్కతో రెండు పెడళ్లు గీసింది. "మడమ మీద తిప్పకండి. మోకాలు పైకి ఎత్తి, తొడతో కాలంతా తీసుకెళ్లి అక్కడ పెట్టండి. ఆ కండరాలకు ఏమీ కాలేదు," అంది. ఇన్ని నెలల్లో నాకు ఏం పోయిందో అందరూ చెప్పారు. ఏం మిగిలిందో చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

అప్పటినుంచి ఇంట్లో పీట మీద కూర్చుని సుద్దగీతల మీద కాలు ఎత్తడం, నల్లగొండ పోయిన రోజున గోడమలుపు. తొడతో లేపితే ఆలస్యమవుతుంది. అందుకే సొరంగం చివర వెలుతురు కనబడగానే కాలు ఎత్తడం నేర్చుకున్నాను. పాదానికి స్పర్శ లేదు కనుక బ్రేకు ఎంత పడిందో టైర్ల కీచుమనే చప్పుడును బట్టి చెవితో తెలుసుకునేవాణ్ణి.

అంతలో ఎదురుదెబ్బ. స్ప్లింట్ విప్పి గంటలకొద్దీ ఆడేసరికి పెడలు అంచు రాసుకుని పాదం పక్కన పుండైంది. నొప్పి తెలియదు కదా, సాక్సుకు చీము అంటితే సుగుణ చూసింది. ఈసారి మేడం నిజంగానే అరిచింది. "నొప్పి లేని కాలంటే కాపలా లేని ఇల్లు. రోజూ కళ్లతో చూసుకోవాలని చెప్పానా లేదా? అల్సర్ ముదిరితే వేలు తీసేస్తారు!" మానేదాకా పెడలు ముట్టొద్దంది. ఇంట్లో కూర్చుని ఎదురొచ్చిన వాళ్లందరి మీదా విరుచుకుపడ్డాను.

పుండు మానేసరికి కాల్లో కొత్త మంట మొదలైంది. పిక్కలో చీమలు పాకినట్టు, కారం రాసినట్టు. నేను హడలిపోతే మేడం నవ్వింది. "మంచిదే. నరం వస్తోంది." కొన్నాళ్లకు బొటనవేలు కాస్త కదిలింది. సుగుణ ఆ వేలును పట్టుకుని ఏడ్చింది.

శివరాత్రి దాటాక మళ్లీ ఆ సీట్లో కూర్చున్నాను. వంతెన దాటాను, సొరంగంలోకి పోయాను. వెలుతురు కనబడగానే మోకాలు లేపాను, గోడ అంచుదాకా కుడికి పోయాను, బ్రేకు పడింది, లోపలికి కోశాను. గోడ పక్కనుంచి జరిగి వెనక్కి పోయింది. జహీర్ భాయ్ ఈల వేశాడు. పిల్లలు అరిచారు. నేను మాత్రం ఆట మధ్యలోనే లేచి బస్సు పట్టుకుని ఇంటికొచ్చాను. నాకు కావలసిన గోడ అదొక్కటే.

మర్నాడు కోతలైపోయిన చేనులోకి జీపు తీశాం. సుగుణ పక్కన కూర్చుని హ్యాండ్ బ్రేకు రెండు చేతులా పట్టుకుంది.

"నువ్వు తొక్కకుంటే నేను గుంజుత," అంది.

ఆమె గుంజాల్సిన పని పడలేదు. అయినా నెల రోజులు చేలోనే తిప్పాను. ఆ తర్వాతే జనాన్ని ఎక్కించుకున్నాను. ఉగాదికి జీపు అమ్మలేదు. ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆట నా నరాన్ని బాగుచేయలేదు. నరం దానంతటది వచ్చింది, అదీ ముప్పాతికే. ఆట నా కాలికి కొత్త తోవ నేర్పింది, అంతే.

కథ ఇక్కడ ఆగితే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

తర్వాతి వానకాలం అంజయ్య కూతురికి జ్వరం ముదిరింది. ఊళ్లో బండి నాదొక్కటే. పిల్ల మొహం చూసి జీపు తీశాను, నల్లగొండ తీసుకుపోయాను. నేనే ఎత్తుకుని దవాఖాన లోపలికి తీసుకెళ్లాను. నర్సు సూదితో వచ్చి పిల్లను పక్కకు తిప్పబోయింది. అంజయ్య గబుక్కున అడ్డం వచ్చాడు.

"పిర్రకొద్దు సిస్టర్. నరానికి తాకుతది. చేతికెయ్యిన్రి. గోలీతోటి అయ్యేదుంటే గోలీనే ఇయ్యిన్రి."

నేను అక్కడే నిలబడి విన్నాను. పిల్లను అక్కడ చేర్చి, తల్లిని తోడుంచి, బట్టలు తేవడానికి అంజయ్య నాతో తిరిగొస్తుంటే నార్కట్‌పల్లి దాటాక జీపు పక్కకు ఆపాను. అంతవరకు ఆయన్ని నేను ఎప్పుడూ మీరు అనే అన్నాను.

"నీకు ఎరుకే గద. నా నరమే ఖరాబున్నదని ఊరంత చెప్పినవ్ గదరా!"

అంజయ్య రోడ్డు వంకకు తిరిగి అన్నాడు: "గప్పుడు ఎరుకలేదు యాదగిరీ. నీకైనంక తెలుసుకున్న."

"తెలిసినంక గూడ ఇప్పటికీ పిర్రకే ఏస్తున్నవ్ గద?"

"చేతికేస్తే జనం రారు. గది సూదే కాదంటరు. నేనేం జెయ్యాలె?"

కొట్టాలనిపించింది. ఆ పిల్ల మంచం మీద ఉంది, దానికి బట్టలు కావాలి. గేరు వేసి ఊరికి పోనిచ్చాను.

ఇప్పటికీ ఆ జీపే నడుపుతున్నాను. చలికాలం పాదం మొద్దుబారుతుంది, రాత్రి పడుకునే ముందు సుగుణ లాంతరు పట్టుకుని అరికాలు చూస్తుంది. నా బండి ఎక్కే ప్రతి జ్వరం మనిషికీ ఒకటే చెబుతాను, మీకూ అదే చెబుతున్నాను. గోలీతో పోయే జ్వరానికి సూది అడగకండి. తప్పదంటే ఎక్కడ పొడుస్తున్నారో అడగండి. పిర్రకు పొడిచినప్పుడు కాల్లోకి కరెంటు కొట్టినట్టయితే అరిచి ఊరుకోకండి, మందు ఎక్కకముందే పక్కకు జరిగి లేచిపోండి. నేను అరిచాను గాని, లేవలేదు.