సైరన్ మోగగానే గేటులోకి మళ్లిన పరుగుపందెం

ఈత, సైకిలు, పరుగు మూడూ కలిపి ఒకే పందెంగా పెడితే దాన్ని ట్రయాథ్లాన్ అంటారని నాకు ఈ మధ్యే తెలిసింది. డెబ్బైల్లో పటాన్‌చెరు దగ్గర మేం పేరు తెలియకుండానే అందులో దిగాం. అప్పట్లో నేను ఒక ఫ్యాక్టరీలో బదిలీ కార్మికుణ్ణి. ఎవరైనా నాగా పెడితే ఆ రోజుకు వాళ్ల బదులు పని చేసేవాణ్ణి. పొద్దున ఎనిమిదింటి సైరన్‌కు గేటు తెరిచేవారు. ముందు దూరిన నలుగురైదుగురికే పని, మిగతావాళ్లు ఇంటిదారి పట్టాల్సిందే. అలా కొన్నేళ్లు ఉరికాక, మా ఫ్యాక్టరీ పెద్దసారు ఈ పందెం పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరైనా రావచ్చు, మొదట వచ్చినవాడికి పర్మనెంటు ఉద్యోగం. ఉద్యోగం కావాలి, అది సరే. కానీ ఈది, తొక్కి, ఆపైన పరిగెత్తితే మనిషి ఏమవుతాడో చూడాలని నాకు మహా కుతూహలంగా ఉండింది.

పందెం ఆదివారం, ఫ్యాక్టరీకి మాత్రం ఆ రోజూ సెలవు లేదు. సంగారెడ్డిలో మా ఇంటి గుమ్మంలోనే అమ్మ అడ్డం పడింది. “చర్చికి రాకుంట ఉరుకుడేంది బిడ్డా?” అంది. “గెలిస్తె పర్మనెంటయితనే అమ్మా” అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, “ఇగ జల్దీ పో, నీ వంతు ప్రార్థన గూడ నేనే జేస్త” అంది. చీకటితోనే మొదటి బస్సు ఎక్కి బొంబాయి రోడ్డు మీద గంటసేపు ఊగుతూ పటాన్‌చెరులో దిగాను. గంటకు పావలా కిరాయి మీద సైకిలు తీసుకున్నాను. దుకాణం ఖాజా భాయ్, “జెర సూస్కో, ఎన్క బ్రేకు పడతది, ముంగటిది పడదు” అన్నాడు. పందెంలో బ్రేకుతో ఏం పని అనుకొని నవ్వేశాను.

సైకిళ్లు అవతలి ఒడ్డున పెట్టి వచ్చి, ఏడు కాకముందే చెరువులో దిగాం. దాదాపు అందరం మా ఫ్యాక్టరీ బదిలీలమే. బయటివాడు ఒక్కడే, పక్కనున్న ఇంద్రేశం ఊరి రైతు సాయన్న. పాలక్యాన్లు కట్టే బరువైన సైకిలుతో వచ్చాడు. “నౌకరీ నీకెందుకే?” అని అడిగాను. “అన్నదమ్ములం ఇద్దరం, ఉన్నది జానెడు భూమి. ఒకలు బయటికి పోవాలె గద” అన్నాడు. నేను బావిలో ఈత నేర్చినవాణ్ణి. బావిలో నాలుగు బారలు వేస్తే గోడ దొరుకుతుంది. చెరువులో ఎంత ఈదినా గోడ రాదే! అయినా తంటాలు పడి అవతలి ఒడ్డు పట్టుకున్నాను.

అక్కడి నుంచి రుద్రారం దాకా సైకిలు. తడి నిక్కరుతో సీటు మీద కూర్చోవడం ఎంత హింసో ఎవరూ ముందుగా చెప్పరు, నేను చెబుతున్నాను. రుద్రారంలో దిగితే కాళ్లు నావి కావు. నేల మీద ఉన్నా ఇంకా తొక్కుతూనే ఉన్నాయి. కుతూహలం తీరిందిరా అనుకుంటూ ఇస్నాపూర్ వైపు పరుగు అందుకున్నాను. ఫ్యాక్టరీ గేటులోకి పోకుండా రోడ్డు మీదే ఇంకాస్త ముందుకు పోతే మైదానం, అదే గమ్యం. వెనక్కి చూస్తే మావాళ్లంతా వరసగా వస్తున్నారు, సాయన్న అందరికన్నా వెనక. నాకు ఆనందం పట్టలేదు. అమ్మకు చెప్పే మాటలు కూడా తయారు చేసుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది.

ఏం జరిగిందో నాకే తెలియదు. కాళ్లు వాటంతటవే గేటు వైపు మళ్లాయి. నేను దూరాను. నా వెనక మావాళ్లంతా ఒకరినొకరు తోసుకుంటూ దూరారు. సైరన్ ఆగింది. వాచ్‌మన్ రోజూలాగే గేటు మూసి తాళం వేశాడు. అప్పుడు తెలివొచ్చి, “తెర్వు కాకా, తెర్వు!” అని అరిచాను. ఆయన తాళంచెవి వెతికేలోపు సాయన్న రొప్పుతూ గేటు ముందు నుంచి తిన్నగా వెళ్లిపోయాడు. ఊచలు పట్టుకొని చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

సూపర్‌వైజరు వచ్చి మా అవతారాలు చూశాడు. “అందరు పందెం సూడవోయిండ్రు, మనుషుల్లేరు. ఎట్లయితేంది దూరిండ్రు గద, పనిల వడుండ్రి” అన్నాడు. తడి నిక్కర్లతోనే ఆ పూట పని చేశాం. సాయంత్రం బయటికొస్తే సాయన్న నా కోసం నిలబడి ఉన్నాడు. గెలిచిన మొహం కాదది. “తమ్మీ, రేపటి సంది నేను గూడ సైరన్ మోగితే గిట్లనే ఉర్కాల్నా?” అని అడిగాడు.

“లేదన్నా” అన్నాను. “పర్మనెంటోళ్లు నడ్సుకుంట రావొచ్చు.”

నాకు పర్మనెంటు కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. నడుచుకుంటూ గేటులోకి వెళ్లిన మొదటి రోజు, సాయన్న లోపల నిలబడి నా నడక చూసి నవ్వాడు. మొన్న మళ్లీ ఆ దారిన వెళ్లాను. రోడ్డు వెడల్పయింది, ఇంద్రేశంలో పొలాల చోట ప్లాట్లు లేచాయి. ఎక్కడో సైరన్ మోగితే నా కుడికాలు ఇప్పటికీ కొంచెం కదిలింది. దాని మీద కోపం రాలేదు, జాలేసింది.

ఆ దారిలో సైకిలు తొక్కాలనుకునేవారికి ఒక్క మాట. పొద్దున షిఫ్టు మారే వేళ సైరన్ వినిపిస్తే ఒక పక్కకు ఆగండి. నడిచేవాళ్లు ఎలాగూ తప్పుకుంటారు. ఉరికేవాళ్లకు దారి ఇవ్వండి.