నడుస్తున్న వాచీని విప్పించిన మనిషి

మీ చేతికున్న వాచీని చివరిసారి ఎప్పుడు విప్పించి శుభ్రం చేయించారు? నిజం చెప్పండి. నడుస్తోంది కదా, నడిచేదాన్ని ఎవరైనా విప్పిస్తారా అని మీరు నన్నే ఎదురు అడుగుతారు. నేనూ ఒకప్పుడు అలాగే అడిగాను. అడిగింది మా మావయ్యని. ఆయన పోయి ఈ రోజుకి ఇరవై రెండు రోజులు.

కబురు వచ్చినప్పుడు నేను జలంత్రకోటలో మాట్లాడుతున్నాను. పొద్దున పది గంటల వేళ, భజన మందిరం ముందు పందిట్లో మైకు పట్టుకుని, చావంటే భయం దేనికని జనాన్ని గద్దిస్తున్నాను. ఎస్టీడీ బూత్ అతను సైకిల్ మీద వచ్చి, పందిరి పక్క నుంచి నడుచుకుంటూ నా దగ్గరకొచ్చి చెవిలో చెప్పాడు. విశాఖపట్నం ఆసుపత్రిలో మావయ్య పోయాడట, అత్తయ్య ఫోన్ చేయించిందట. చావు గురించి అంత గొంతుతో చెప్పినవాణ్ణి, బస్సు దాకా వచ్చి చూసుకుంటే కాళ్ళకి ఎవరివో చెప్పులు ఉన్నాయి. బస్సులో సంచిలోంచి గ్రంథం తీశాను. ఏ పేజీ తిప్పినా అక్షరాలు నిలబడలేదు.

ఇప్పటికీ నిలబడటం లేదు. మనసు కుదుటపడ్డాక నాలుగు మంచి మాటలు రాద్దామనుకున్నాను. కానీ సాయంత్రమయ్యేసరికి అత్తయ్య పాదాలు ఉబ్బుతున్నాయి. మావయ్యకీ జబ్బు మొదట అక్కడే కనిపించింది. రక్తం చూపించుకోమంటే ఆవిడ నిన్నటిదాకా వినలేదు. కుదుటపడేదాకా ఆగే వ్యవధి నాకు లేదు.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. కొంచెం కొబ్బరి, కొంచెం జీడి ఉన్న ఉద్దానం రైతు. అయిదో తరగతితో చదువు ఆగింది. నేను పదో తరగతి తప్పి, గ్రంథం ఒకటి చంకన పెట్టుకుని, గురువు లేకుండా నాకు నేనే చదువుకుంటూ తిరుగుతుంటే ఊరంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. మా ఊరి ఏకాహంలో పెద్దల్ని అడిగి, లోపల నామం సాగుతుండగా బయట పందిట్లో మాట్లాడటానికి నాకు అరగంట ఇప్పించాడు. "ఆడు ఎంత అరిసినా అరగంటే. టైము నాను సూసుకుంటాను" అన్నాడు.

ఏకాహం అంటే తెలుసు కదా, ఈ పొద్దు సూర్యోదయం నుంచి రేపటి సూర్యోదయం దాకా నామం ఆగకూడదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జట్లు వస్తాయి. గంటకొక జట్టు. ఒకరి నోట్లో నామం ఉండగానే రెండోవారు అందుకోవాలి. ఆ గంటలు చూసే పని మావయ్యది. ఆయన ఎడమచేతికి కీ ఇచ్చే పాత వాచీ ఒకటి ఉండేది. తెల్ల డయలు పసుపెక్కిపోయింది. ముళ్ళు మాత్రం ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

ఎందుకు చెబుతాయి? ఆయన దాన్ని చూసుకున్న తీరు అలాంటిది. రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని, చేతులు పొడిగా తుడుచుకుని, వాచీని చేతి నుంచి తీసి కీ ఇచ్చేవాడు. చేతికుండగా కీ తిప్పితే లోపలి పుల్ల ఒరిగిపోతుందని ఆయన వాదన. బిగుసుకుంటోందని వేలికి తెలియగానే ఆపేసేవాడు, ఇంకొక్క చుట్టు కోసం కక్కుర్తి పడేవాడు కాదు. రేడియోలో వార్తల ముందు వచ్చే టైముతో సరిచూసేవాడు. ముళ్ళను ముందుకే తిప్పేవాడు, ఎన్నడూ వెనక్కి కాదు. చెట్టెక్కేటప్పుడు, సముద్రం ఒడ్డుకి వెళ్ళేటప్పుడు తీసి అత్తయ్యకి ఇచ్చేవాడు. తిరిగొచ్చాక మెత్తని గుడ్డతో వెనకవైపు చెమట, ఉప్పు తుడిచి, బెల్టు ఒక కన్నం వదులుగా పెట్టుకునేవాడు.

సంతలో బ్యాటరీ సెల్లుతో నడిచే వాచీలు కుప్పలుగా వచ్చిన రోజులవి. జీడితోటలో కూలికొచ్చిన కుర్రాళ్ళ చేతులకి కూడా అవే. ఒకసారి ఒకడు ఏడిపించాడు. "ఏటి మావా, ఇంకా ఆ కీ ఇచ్చీ వాచీయేనా, రోజూ ఆవుకి పాలు పితికినట్టు" అన్నాడు. మావయ్య కోపం తెచ్చుకోలేదు. "దీని మొకం రోజూ ఓపాలి సూత్తాను. నీ సెల్లు వాచీ మొకం ఎప్పుడు సూత్తావురా? అది సచ్చిపోయినాకే గదా" అన్నాడు.

నేను వేదిక ఎక్కితే దిగడం తెలియనివాణ్ణి. అరగంట ఇస్తే గంట లాగేసేవాణ్ణి. దానికీ మావయ్య దగ్గర మందుంది. నా గడువు దాటగానే ముందు వరసలో కూర్చుని నెమ్మదిగా చేతి నుంచి వాచీ విప్పేవాడు. చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. అప్పటికీ నేను ఆపకపోతే దాన్ని నావైపు తిప్పి పట్టుకునేవాడు. జనం నన్ను వదిలేసి ఆయన్ని చూసేవారు. నాకు దిగక తప్పేది కాదు. ఆ కోపంలో ఒక ఏడాది, ఆయన టీకి వెళ్తూ వాచీ నా దగ్గర ఉంచితే, తీసుకెళ్ళి మైకు వాళ్ళ పెద్ద స్పీకరు మీద పెట్టాను. స్పీకర్లో అయస్కాంతం ఉంటుందని నాకేం తెలుసు? మధ్యాహ్నానికి వాచీ పరుగులు పెట్టింది. నందిగాం జట్టువాళ్ళు మా గంట కోసేశారని గొడవకొచ్చారు. మావయ్య తప్పు తనమీద వేసుకుని, వాళ్ళకి ఇంకో పావుగంట ఇచ్చి, మర్నాడు వాచీ పట్టుకుని పలాస బయలుదేరాడు. నన్నూ వెంట రమ్మన్నాడు.

పలాసలో ఆయనకి అలవాటైన వాచీల మేస్త్రీ ఒకడు కంటికి భూతద్దం బిగించుకుని చిన్న అద్దాల బల్ల వెనక కూర్చునేవాడు. వాచీకి పట్టిన అయస్కాంత గుణం తీసేశాక, మావయ్య వాచీని పూర్తిగా విప్పి కడిగి ఆయిల్ వేయమన్నాడు. రెండేళ్ళకోసారి అలా చేయిస్తాడట. అప్పుడే నేను ఆ ప్రశ్న అడిగాను, నడుస్తున్నదాన్ని ఎందుకు విప్పించడమని. మేస్త్రీ తల ఎత్తకుండా నవ్వాడు. మావయ్య నన్ను బల్ల దగ్గరకి లాగి, భూతద్దం నా కంటికి పెట్టించి, ఒక చక్రం ఇరుసు చూపించాడు.

"సూడు. ఆయిలు ఎండిపోయినా ఇది తిరుగుతాది. టైము కరెక్టుగానే సూపిత్తాది. లోపల మాత్రం అరిగిపోతంటాది. మనకి తెలీదు. తెలిసినప్పటికి బాగుసేయడానికి ఏటీ ఉండదు."

ఆ మాట నేను ఎన్ని ఊళ్ళలో, మనసు గురించి, పాపం గురించి, ఎంత ఆవేశంగా వాడుకున్నానో లెక్కలేదు. దాన్ని ఒంటికి వర్తింపజేయాలని మాత్రం తట్టలేదు. నాకూ తట్టలేదు, చెప్పిన ఆయనకీ తట్టలేదు.

ఇక నేను చెప్పవలసింది చెబుతాను.

మన ఉద్దానంలో కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారని అందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట బయటి నుంచి డాక్టర్లు వచ్చి మా ఊరి బడి వరండాలో రక్తం తీసి చూస్తామన్నారు. ముందే పేర్లు రాసుకుని చీటీలు ఇచ్చారు. వాళ్ళు వచ్చిన రోజే మా ఏకాహం. మధ్యాహ్నం నేను వేదిక మీద ఉన్నాను. వెనక వరసల్లోంచి ఒక్కొక్కరే లేచి బడివైపు నడుస్తున్నారు. నాకు మండింది. ఈ దేహం అద్దె ఇల్లు, దానికోసం నామాన్ని వదిలి పోతారా అని మైకులో అరిచాను. కొందరు కూర్చున్నారు. అప్పుడే ముందు వరసలో మావయ్య లేచాడు. చేతిలో చీటీ ఉంది. వాచీ విప్పి పక్కాయనకి ఇవ్వబోతున్నాడు. నేను మైకులోనే అన్నాను, టైము చూసేవాడే లేచిపోతే ఇక నామం ఎవరు చూస్తారు మావయ్యా అని. పందిరంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. చీటీని మడిచి జేబులో పెట్టుకుని, వాచీ మళ్ళీ చేతికి కట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి డాక్టర్లు వెళ్ళిపోయారు.

గ్రంథంలో ఏడు రోజుల్లో చావు ఉందని తెలిసిన ఒక రాజు కథ ఉంది. వందసార్లు చెప్పి ఉంటాను. ఆ రాజుకి గడువు ఉందని చెప్పడానికి ఒకరు వచ్చారు, ఆయన విన్నాడు, ఆ ఏడు రోజుల్నీ వాడుకున్నాడు. మా ఊరికీ చెప్పడానికి మనుషులు వచ్చారు. మా మావయ్య వినడానికి లేచాడు. కూర్చోబెట్టింది నేను. దేహం అద్దె ఇల్లే అనుకుందాం. అద్దె ఇంటిని కూలిపోనిమ్మని ఏ గ్రంథంలోనూ లేదు. నేను వెతికాను, ఈ ఇరవై రెండు రోజులూ వెతుకుతూనే ఉన్నాను.

పాదాలు ఉబ్బి, అన్నం సహించక, టెక్కలిలో రక్తం చూపించేసరికి ఏడాదిన్నర గడిచింది. అప్పటికే రెండు కిడ్నీలూ దాదాపు అయిపోయాయన్నారు. వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కి విశాఖపట్నం, అక్కడ రక్తం శుద్ధి చేసే మిషను మీద నాలుగేసి గంటలు. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమచేతి నరాలు కలిపి కుట్టారు. ఆ చేతికి బిగుతుగా ఏదీ పెట్టకూడదు, వాచీ కూడా కూడదు అంది నర్సమ్మ. ముప్ఫై ఏళ్ళ అలవాటు. వాచీ కుడిచేతికి మారింది గానీ, టైము అడిగితే ఎడమ మణికట్టే చూసుకునేవాడు. చూసి, గుర్తొచ్చి, చిన్నగా నవ్వి రెండో చెయ్యి ఎత్తేవాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఒకరోజు మిషను పక్కన కూర్చుని నేను ఆగలేక క్షమించమన్నాను. ఆ రోజు మైకులో అలా అనకుండా ఉండాల్సింది అన్నాను.

"నువ్వు ఒక్క పూట ఆపినావు అల్లుడా. మర్నాడు నన్నెవులు ఆపినారు? పలాసలో దొరకదేటి ఆ పరీచ్చ? వాచీని నడిసీటప్పుడే ఇప్పించినాను. నన్ను ఆగిపోయినాక ఇప్పించుకున్నాను" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

దినాలైన మర్నాటి నుంచి అత్తయ్య వెంట పడ్డాను. ఒకటే మాట ఆవిడది, ఆయనే పోయాక నాకు తెలిసి ఏం లాభం అని. గ్రంథం తీసి చదివాను. వినలేదు. అరిచాను. పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయింది. నిన్న మధ్యాహ్నం ఇక దాచుకోలేక, ఆ ఏకాహం నాటి సంగతి మొత్తం ఆవిడ ముందు ఒప్పుకున్నాను. చీటీ పట్టుకుని లేచిన మనిషిని నేనే కూర్చోబెట్టానని చెప్పాను. ఆవిడ చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపింది.

"తెలుసు బావూ. ఆడోళ్ళ వరసలో ఉన్నాను గదా. అందరితోపాటు నానూ నవ్వినాను."

అంతే. చెయ్యి కడుక్కుంది. రేపు మొదటి బస్సు ఎన్నింటికని అడిగింది.

ఇది పలాసలో ల్యాబు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పొద్దున లోపల, అత్తయ్య రవిక చెయ్యి పైకి మడిచి, మొహం గోడవైపు తిప్పుకుని, ముడుచుకున్న పిడికిలిని బల్లమీద పెట్టింది. ల్యాబు అమ్మాయి సూది దించింది. అత్తయ్య కదల్లేదు. నేనే కళ్ళు మూసుకున్నాను. తర్వాత నా చెయ్యి కూడా చాపాను, నలభై దాటినా ఇన్నాళ్ళూ నేనూ ఎప్పుడూ చూపించుకోలేదు. రిపోర్టులు నాలుగింటికి ఇస్తామన్నారు. అందులో ఏముందో నాకు తెలియదు. పక్కన అత్తయ్య, డాక్టర్లు మావయ్యకి మాన్పించిన కొబ్బరినీళ్ళ బొండమే పట్టుకుని, తాగొచ్చో లేదో తెలియక, స్ట్రా వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది.

చదువుతున్న మీకు నొప్పి లేదు. ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది, పనికి పోతున్నారు. మావయ్యకీ అన్నీ అలాగే ఉండేవి. భజన ఉందనొద్దు, కోత ఉందనొద్దు, వేటకి తెప్ప దించాలనొద్దు. ఏ వేదిక మీదైనా నాలాంటివాడు కూర్చోమని అరిస్తే, లెక్కచేయకుండా లేచి వెళ్ళండి. చదువుతున్నది పక్కన పెట్టండి. మీ ఇంట్లో ఎవరి పాదాలు ఉబ్బుతున్నాయో చూడండి. ఎవరివీ ఉబ్బకపోతే, ఇంకా మంచిది, అదే సమయం. చెప్పులేసుకోండి, వాళ్ళని వెంటబెట్టుకుని బస్సెక్కండి. రేపు కాదు. ఇవాళ, ల్యాబు మూసేలోపు.