కాజా కుట్టిన బూట్లు

వీరరాఘవమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. మండవల్లి అవతల కొల్లేటి అంచున పుట్టి, ఆ పక్క ఊళ్ళోనే ఐదెకరాల వరి రైతుకు భార్యయి, నలభై ఏళ్ళు మోకాటిలోతు నీళ్ళలో నాట్లు వేసి, కలుపు తీసి బతికిన మనిషి. భర్త పోయాక పొలం కౌలుకిచ్చేసి ఏలూరు పవర్‌పేటలో చిన్న ఇంటికి మారింది. ముందు గదిలో కాలితో తొక్కే కుట్టుమిషను పెట్టుకుని చేపల చెరువుల్లోకి దిగేవాళ్ళకు రబ్బరు గుడ్డలూ, టార్పాలిన్లూ కుట్టిపెడుతుంది.

ఆ ఇంటి మేడ మీద వాటాలో భానుప్రకాష్ అద్దెకుంటాడు. విపత్తు సహాయ దళంలో నీళ్ళ అడుక్కి దిగే డైవరు. వీపున మోసేది ఆక్సిజన్ సిలిండరే అనుకుంటుంది వీధి అంతా; అది మామూలు గాలేనని చెప్పి చెప్పి విసిగిపోయాడు. అతను శిక్షణ పొందింది విశాఖ సముద్రంలో. అక్కడ కిందికి దిగితే వెలుగుంటుంది. మన కాలువల్లో దిగితే ముఖం ముందు పెట్టుకున్న చెయ్యి కూడా కనిపించదు.

ఆ ఆగస్టులో వరద వచ్చింది. తాడేపల్లిగూడెం దగ్గర ఒక మురుగు కాలువ మీది తూము తలుపు ఊడి, అడ్డంగా ఇరుక్కుపోయింది. నీరు ఎగదన్ని, కొత్తగా నాట్లు ఊడ్చిన చేలన్నీ మునిగాయి. పైనున్న లాకులు మూయించి ప్రవాహం ఆపారు. ఇక ఎవరైనా అడుక్కి దిగి, తలుపు కొక్కేనికి ఇనుప తాడు తగిలిస్తే క్రేను పైకి లాగుతుంది.

భానుప్రకాష్, అతని జోడీ రూబెన్ దిగారు. దిగిన రెండు నిమిషాలకే బూట్లలోకి నీళ్ళతో పాటు ఒండ్రు దూరింది. అడుగు తీస్తే కాలొస్తోంది గానీ బూటు రావడంలేదు. మడమల దగ్గర ఇసుక రాసుకుని చర్మం లేచిపోయింది. నిచ్చెనెక్కి పైకొస్తుంటే ఒక్కో కాలికీ చెంబెడు నీళ్ళు వేలాడాయి. మూడుసార్లు దిగి, మూడుసార్లూ ఉత్త చేతులతో పైకొచ్చారు. రేపు పొద్దున్నే మళ్ళీ చూద్దామన్నాడు ఇంజనీరు, గట్టు మీద నిలబడ్డ రైతుల వైపు చూడలేక.

మధ్యాహ్నం ఇంటికొచ్చి భానుప్రకాష్ తన బూట్లూ, రూబెన్ బూట్లూ మెట్ల పిట్టగోడ మీద బోర్లించాడు. బురద నీళ్ళు వీరరాఘవమ్మ వాకిట్లోకి కారాయి.

"ఏం బాబూ, కాలువ మొత్తం ఇంటికి పట్టుకొచ్చేశావా?"

"క్షమించండి మామ్మగారూ, ఇప్పుడే కడిగేస్తానండి. బూట్లలోకి నీళ్ళెళ్ళిపోతున్నాయండి, ఆపడం మా వల్ల కావట్లేదు."

"ఏదీ, నీళ్ళలోకి దిగే ఆ డ్రెస్సుతో సహా వేసుకుని చూపించు."

అతనికి నవ్వొచ్చింది. అయినా పెద్దావిడ మాట కాదనలేక వేసుకొచ్చి నిలబడ్డాడు. ఆవిడ చెంబుతో మోకాలి మీంచి నీళ్ళు పోసి, వంగి, అవి ఎటు పోతున్నాయో చూసింది.

"డ్రెస్సు కాలి అంచు తీసుకెళ్ళి బూటు లోపలికి దోపావేంటి నాయనా? ఇంక పై నీరంతా గరాట్లో పోసినట్టు లోపలికేగా!"

"మరి పూర్తిగా ఆగాలంటే ఏం చెయ్యాలండీ?"

"పూర్తిగా ఎక్కడాగుతుంది? నీరు నీరే. దూరిన నీరు కదలకుండా పడుంటే దానివల్ల బాధ లేదు, ఒంటి వేడికి అదే సర్దుకుంటుంది. వస్తా పోతా ఉంటేనే మట్టి తెస్తుంది, కాలు కోస్తుంది. చేలో ఏం చేస్తాం? కొత్త నీరు రాకుండా పైన గట్టు, ఉన్న నీరు పోడానికి కింద గండి. అంతే కదా!"

ఆవిడ బూటు ఒళ్ళో పెట్టుకుని లోపలికి చెయ్యి పోనిచ్చింది. కళ్ళు మూసుకుంది. వేళ్ళు నెమ్మదిగా మడమ మీదుగా, పాదం వంపు మీదుగా ఒక్కో అతుకునీ తడుముతున్నాయి. భానుప్రకాష్ ఆ వేళ్ళనే చూస్తూండిపోయాడు. నీటి అడుగున తాను నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టిన పని అదే. చూపు లేనిచోట చేతితో చూడడం. ఈవిడకి అది ఎవరు నేర్పారు?

పాత సైకిలు ట్యూబు కోసి పట్టీలు చేసింది. డ్రెస్సు అంచు బూటు మీదికి దిగాక పైన బిగించడానికి. దబ్బనం కాల్చి, పాదం వంపు దగ్గర ఇరుపక్కలా చిన్న చిన్న కన్నాలు పొడిచింది. అవి చిరగకుండా చొక్కా గుండీలకు కుట్టినట్టు నైలాను దారంతో కాజాలు కుట్టింది. ఒండ్రు దూరకుండా లోపల దోమతెర ముక్క అతికించింది. దీపాల వేళకు రెండు జతలూ తయారు.

పొద్దున్నే దిగారు. ఈసారి కాలు తేలిగ్గా ఉంది. నల్లటి నీళ్ళలో అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, భానుప్రకాష్ తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. ఇనుము సన్నగా వణుకుతోంది. దాని వెనక వందల ఎకరాల నీరు ఆనుకుని నిలబడి ఉంది. చడీ చప్పుడూ లేదు. అంత పెద్దదాని పక్కన తానెంత చిన్నవాడో, ఆ అరచేతికి తెలిసింది. భయం కాదు. చిన్నప్పుడు గర్భగుడి ముందు నిలబడితే ఒళ్ళు గగుర్పొడిచేదే, అలాంటిదేదో. కాసేపటికి వేళ్ళకు కొక్కెం తగిలింది. రూబెన్ అందించిన తాడు తగిలించి, ఇద్దరూ పైకొచ్చి దూరంగా జరిగాకే క్రేను లాగింది. తలుపు లేచింది. నీరు కొల్లేటి దారి పట్టింది. మూడో రోజుకి వరి కొసలు ఆకుపచ్చగా బయటపడ్డాయి.

ఆ పొద్దున పైకొస్తూ నిచ్చెన మీద నిలబడితే, బూట్లలో నీళ్ళు కాజాల్లోంచి సన్నటి ధారలుగా వాటంతటవే పోయాయి. రూబెన్ వంగి చూసుకుని, "ఎవరు కుట్టారన్నా ఇవి?" అన్నాడు. భానుప్రకాష్ చెబితే నమ్మలేదు. ఆ సాయంత్రమే వచ్చి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఇంత జరిగాక వీరరాఘవమ్మ ఒకటే అడిగింది. "అడుగున ఎలా ఉంటుంది బాబూ? పుట్టినకాణ్ణుంచీ నీళ్ళలోనే ఉన్నా గానీ, లోపలికి ఎప్పుడూ చూళ్ళేదు."

జనవరిలో నీరు తేరుకున్నాక అతను ఆవిణ్ణి కొల్లేటికి తీసుకెళ్ళాడు. నాచు మొలిచిన మోకాటిలోతులో, చీర కుచ్చిళ్ళు దోపుకుని నిలబడిందావిడ. తాను నీళ్ళలో పెట్టుకునే అద్దం ఆవిడ ముఖానికి బిగించి, "ఊపిరి బిగబట్టి ఒక్కసారి వంగండి మామ్మగారూ" అని భుజం పట్టుకున్నాడు.

ఆవిడ వంగింది. తలలో తెల్లటి ముడి ఒక్కటే నీటి పైన కనిపిస్తోంది. పది అంకెలు లెక్కపెట్టాడు. ఇరవై. గాభరాపడి లేపబోతుండగా తనే లేచింది. చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఇద్దరి కాళ్ళ మధ్యనుంచీ చిన్న చేపల గుంపొకటి వెండి పోగుల్లా మెరిసి మలుపు తిరిగింది.

"ఇదంతా ఇక్కడే ఉందా!" అంది చివరికి, చాలా మెల్లిగా. మళ్ళీ గట్టిగా ఊపిరి పీల్చుకుని వంగింది.