మిరపకోతకు ఎక్స్ రోజులు

లెక్కల్లో నాకు తికమక ఎక్కడ మొదలయ్యేదో మాస్టారికి అంతుబట్టేది కాదు. నాకైతే అసలే తెలిసేది కాదు. దత్తాంశం రాయి, సాధన రాయి, ఒక్క స్టెప్పూ వదలకు అనేవారాయన. రోజులు ఎక్స్ అనుకోమనేవారు. ఎందుకనుకోవాలి? తెలియనిదానికి ఓ పేరు పెట్టేస్తే తెలిసిపోతుందా? అడిగితే తిడతారని ఎక్స్ అనే రాసేసేదాన్ని.

ఎనభైల్లో మాట. ఆ ఏడు పదో తరగతి లెక్కల పరీక్షా, మేం కౌలుకు చేస్తున్న మిరపచేలో కోతా ఒకేసారి వచ్చిపడ్డాయి.

"చేను తెమిలితేనే నువ్వు పరీక్షకి పోయేది. వానొచ్చిందంటే కాయంతా బూజే," అంది అమ్మ.

నాకు ఏడుపొచ్చింది. పరీక్ష పోతే జన్మంతా ఆ మిరప వరసల మధ్యేనని భయం. మాస్టారింటికి పరిగెత్తాను.

"ఏడవకమ్మా, మీ చేనే లెక్క చేద్దాం. ఎంతమంది కోస్తారు?"

"పదిమందండి. సోమవారం మొదలెడితే ఆరు రోజులంటండి. పరీక్షేమో శుక్రవారం."

"పదిహేనుమందయితే?"

"అంతమంది మాకెక్కడున్నారండి?"

"అనుకోవే తల్లీ!" అని తల పట్టుకున్నారు. మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి, విలోమానుపాతం. పది ఆర్లు అరవై. అరవైని పదిహేనుతో భాగించు. "చూశావా, ఎక్స్ నాలుగు! గురువారానికల్లా అయిపోద్ది."

ఆ నాలుగును మోసుకెళ్లి అమ్మకు చెప్పాను. ఆదివారం ప్రార్థన కాగానే అమ్మ చర్చి వాకిట్లోనే అయిదుగురు ఆడవాళ్లను బతిమాలింది. వాళ్ల కోతకు తానూ వస్తానని మాటిచ్చింది. తెల్లారి పదిహేనుమందిమి చేలో దిగాం.

గురువారం పొద్దుగూకింది. చేను మూల ఓ ముక్క ఇంకా ఎర్రగానే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లలో ఒకామె కడుపుతో ఉంది, ఎక్కువసేపు వంగలేదు. ఒక ముసలామె పాట ఎత్తుకుంటే చెయ్యి ఆపేసేది. "పెద్దది, మనమే పిలిచి తొందరపెడతామా?" అంది అమ్మ. రాత్రి స్టెప్పులన్నీ తిరగేసి చూసుకున్నాను. అరవై అరవైలాగే ఉంది. తప్పెక్కడో దొరకలేదు.

శుక్రవారం పొద్దున్నే నెత్తికి గుడ్డ చుట్టుకుని, గంప పట్టుకున్నాను. అమ్మ ఆ గంప లాక్కుంది.

"ఏమే, ఎక్కడికి? పరీక్షకి పో."

"ఇంకా మిగిలిందిగదమ్మా. లెక్క తప్పింది."

"నీ లెక్క తప్పితే నా చేతులు పడిపోయాయా? వానొస్తే నా తిప్పలు నేను పడతా. పో, బస్సెళ్లిపోద్ది."

ప్రశ్నపత్రంలో అదే రకం లెక్క వచ్చింది. ఈసారి మిరప కాదు, గోడ కట్టే తాపీపనివాళ్లు. దత్తాంశం రాశాను. సాధన అని రాసి ఆగిపోయాను. ఆ గోడ దగ్గర ముసలివాళ్లెందరో, పాడేవాళ్లెందరో ప్రశ్నలో ఎక్కడా చెప్పలేదు. ఏం చేయాలో తోచక, మాస్టారు చెప్పని స్టెప్పొకటి నేనే కలిపాను: అందరూ సమానంగా పనిచేస్తారనుకుందాం.

ఆ వేళకి చేలో మా అమ్మ తన వరస ముగించి నా వరస కోస్తోంది.